కంప్యూటర్ కొత్తది, గేమ్ పాతది: లంకె ఎక్కడ తెగుతోంది?

క్లుప్తంగా: పాత గేములు కొత్త కంప్యూటర్లలో ఆగిపోవడానికి కారణం శక్తి చాలకపోవడం కాదు. ప్రాసెసర్ వేగం ఇంతే ఉంటుందని, గ్రాఫిక్స్ కార్డు ఇదే ఉంటుందని, డ్రైవ్‌లో సీడీ ఉంటుందని నమ్మి రాసిన గేములవి. డాస్ (విండోస్‌కు ముందు వాడిన, ఆదేశాలు టైపు చేసే సిస్టమ్) కాలపు గేములకు ఇప్పుడు మంచి పరిష్కారాలున్నాయి. 2005 తర్వాతివి చాలావరకు నేరుగానే నడుస్తాయి. చిక్కంతా మధ్యలో, దాదాపు 1996 నుంచి 2003 దాకా వచ్చిన వాటితోనే. పాత మెషీన్ కొనక తప్పని సందర్భాలు కొద్దిగానే ఉంటాయి.

మైక్రోసాఫ్ట్ 2025 అక్టోబర్ 14న విండోస్ 10కు సపోర్ట్ ఆపేసింది. విండోస్ 11కు మారినవాళ్లలో పాత గేముల సీడీలు దాచుకున్నవాళ్లకు ఒక వింత ఎదురవుతుంది. 64 ఎంబీ ర్యామ్ ఉన్న మెషీన్‌లో హాయిగా ఆడిన గేమ్, 16 జీబీ ర్యామ్ ఉన్న ల్యాప్‌టాప్‌లో తెరుచుకోనే తెరుచుకోదు. తెరుచుకున్నా రంగులు తేడాగా వస్తాయి, లేదా శబ్దం రాదు, లేదా బండి చేతికి అందని వేగంతో దూసుకుపోతుంది. వీటన్నింటికీ కారణం ఒకటే అనుకుని పాత విండోస్‌లా నడిపించే "కంపాటిబిలిటీ మోడ్" టిక్కు పెట్టి చూసి, పని జరగక వదిలేసేవాళ్లే ఎక్కువ. నిజానికి ఒక్కో లక్షణం వెనుక ఒక్కో కారణం ఉంది. అది ఏ సంవత్సరపు గేమో తెలిస్తే కారణం సగం దొరికినట్టే.

వేగమే తంటా అయిన గేములు

1981లో వచ్చిన ఐబీఎం పీసీలో ఇంటెల్ 8088 ప్రాసెసర్ 4.77 మెగాహెర్ట్జ్ వేగంతో పనిచేసేది. తొలినాళ్లలో గేములు రాసినవాళ్లు చాలామంది ఆ వేగాన్నే గడియారంగా వాడుకున్నారు. బొమ్మ ఒక అడుగు వేయాలి, కాసేపు ఆగాలి, మళ్లీ అడుగు వేయాలి. ఆ కాసేపటి కోసం ప్రాసెసర్ చేత ఉత్తుత్తి లెక్కలు కొన్ని వేలసార్లు చేయించేవారు. ప్రాసెసర్ పదింతలు వేగమైతే ఆ విరామం పదో వంతుకు పడిపోతుంది, శత్రువు కనబడేలోపే ఆట ముగుస్తుంది. దాని తర్వాతి తరాల 286, 386, 486 ప్రాసెసర్ల మెషీన్ల డబ్బా మీద ఉండే టర్బో బటన్ ఇందుకోసం పుట్టిందే. పేరు టర్బో అయినా దాని అసలు ఉపయోగం వేగాన్ని తగ్గించడం.

ఇదే జబ్బు కొంచెం వేరే రూపంలో 1990ల చివర మళ్లీ తలెత్తింది. టర్బో పాస్కల్ అనే ప్రోగ్రామింగ్ సాధనంలో రాసిన చాలా ప్రోగ్రాములు మొదలయ్యీ అవగానే, 55 మిల్లీసెకన్లలో ప్రాసెసర్ ఎన్ని చుట్లు తిరగగలదో కొలుచుకునేవి. ఆ సంఖ్యను 55తో భాగిస్తే వచ్చే ఫలితం 16 బిట్లలో, అంటే 65,535 లోపు ఇమడాలి. పెంటియం తరం ప్రాసెసర్లు సుమారు 200 మెగాహెర్ట్జ్ దాటేసరికి ఫలితం ఆ గీత దాటింది, ప్రోగ్రాం "రన్‌టైమ్ ఎర్రర్ 200" చూపించి ఆగిపోయింది. ఆ ఎర్రర్‌కు అర్థం సున్నాతో భాగించారని. అక్కడ సున్నా ఎక్కడా లేదు. సంఖ్య పట్టలేదని చెప్పడానికి ప్రాసెసర్ దగ్గర వేరే ఎర్రర్ లేకపోవడంతో ఆ పేరుతో బయటపడిందంతే.

డాస్ గేములకు నేటి జవాబు డాస్‌బాక్స్. 2002లో మొదలైన ఈ ఉచిత ప్రోగ్రాం కేవలం డాస్‌ను మాత్రమే కాక ఆనాటి ప్రాసెసర్‌ను, వీజీఏ అనే గ్రాఫిక్స్ కార్డును, సౌండ్ బ్లాస్టర్ అనే సౌండ్ కార్డును కూడా సాఫ్ట్‌వేర్‌లోనే సృష్టిస్తుంది. ప్రాసెసర్ వేగాన్ని ఇందులో "సైకిల్స్" అనే అంకెతో నియంత్రిస్తారు. గేమ్ నడుస్తుండగానే కంట్రోల్‌తో పాటు ఎఫ్11 నొక్కితే వేగం తగ్గుతుంది, ఎఫ్12 నొక్కితే పెరుగుతుంది. టర్బో బటన్ కంటే ఇది చాలా నయం. ఆ బటన్‌కు ఉన్నవి రెండే స్థితులు మరి.

1989లో ఆపిల్ 2 కోసం వచ్చి, మరుసటి ఏడాది డాస్‌కు చేరిన ప్రిన్స్ ఆఫ్ పర్షియా లాంటి గేములు నేటి మామూలు ల్యాప్‌టాప్‌లో, ఖరీదైన గ్రాఫిక్స్ కార్డు ఏమీ లేకుండానే, డాస్‌బాక్స్‌లో నడుస్తాయి. చాలామంది పట్టించుకోని విషయం తెర ఆకారం. డాస్ గేములు ఎక్కువగా 320 బై 200 పిక్సెళ్ల బొమ్మను గీసేవి, పాత సీఆర్‌టీ మానిటర్ దాన్ని 4:3 తెర నిండా పరిచేది. అంటే ఒక్కో పిక్సెల్ చదరంగా కాక కాస్త నిలువుగా ఉండేది. ఎల్‌సీడీ మీద చదరపు పిక్సెళ్లతో చూపిస్తే మనుషులు పొట్టిగా, గుండ్రటి బంతి కోడిగుడ్డు ఆకారంలో కనిపిస్తారు. డాస్‌బాక్స్‌లో "ఆస్పెక్ట్" అనే సెట్టింగ్ ఉన్నది ఇందుకే.

16 బిట్ దారి మూసుకుపోయిన తీరు

డాస్, విండోస్ 3.1 ప్రోగ్రాములు ఎక్కువగా 16 బిట్‌వి, అంటే ప్రాసెసర్ ఒక్కసారికి 16 బిట్ల సంఖ్యలతో పనిచేసేలా రాసినవి. వాటిని 32 బిట్ విండోస్ నేరుగా నడిపేది. 1985లో వచ్చిన 386 ప్రాసెసర్‌లో, ఒక పాత 8086 ప్రాసెసర్ ఉన్నట్టు భ్రమింపజేసే ప్రత్యేక మోడ్ ఉండేది. విండోస్ దాన్నే వాడుకునేది. ఇంటెల్ పోటీదారు ఏఎండీ 64 బిట్ విధానాన్ని రూపొందించినప్పుడు, 64 బిట్ సిస్టమ్ నడుస్తున్నంతసేపు ఆ మోడ్ అందుబాటులో లేకుండా చేసింది. 64 బిట్ విండోస్‌లో మైక్రోసాఫ్ట్ కూడా 16 బిట్ ప్రోగ్రాముల మద్దతును పూర్తిగా తీసేసింది. విండోస్ 10కు 32 బిట్ రూపం కూడా ఉండేది కాబట్టి ఆ సందు తెరిచే ఉంది. విండోస్ 11 64 బిట్‌లో మాత్రమే వస్తుంది. సందు అక్కడితో మూసుకుపోయింది.

ఇందులో ఒక మెలిక ఉంది. 1990ల రెండో సగంలో వచ్చిన కొన్ని గేములు నిఖార్సయిన 32 బిట్ ప్రోగ్రాములే అయినా, వాటి ఇన్‌స్టాలర్ మాత్రం 16 బిట్‌ది. విండోస్ 3.1 ఉన్నవాళ్లు సీడీ పెట్టినా కనీసం "మీకు విండోస్ 95 కావాలి" అనే సందేశమైనా చూపించాలని అలా చేసేవారు. ఫలితంగా ఇప్పుడు గేమ్ నడవగలదు గానీ ఇన్‌స్టాల్ కాదు. బాగా ప్రచారంలో ఉన్న కొన్ని ఇన్‌స్టాలర్లను 64 బిట్ విండోస్ గుర్తుపట్టి, తన దగ్గరున్న 32 బిట్ రూపంతో వాటిని మార్చేస్తుంది. ఆ జాబితాలో లేనివి మిగిలిపోతాయి. అలాంటప్పుడు వర్చువల్ మెషీన్‌లో (కంప్యూటర్ లోపల సాఫ్ట్‌వేర్‌తో సృష్టించిన మరో కంప్యూటర్‌లో) పాత విండోస్ పెట్టి, అందులో ఇన్‌స్టాల్ చేసి, ఆ ఫోల్డర్‌ను బయటికి కాపీ చేసుకోవడం తెలిసినవాళ్లు పాటించే పద్ధతి. విండోస్ సెట్టింగ్‌ల పట్టిక అయిన రిజిస్ట్రీలో విలువలు వెతికే గేములకు ఆ విలువలనూ తెచ్చి పెట్టాలి.

అసలు చిక్కు: 1996 నుంచి 2003 దాకా

తెలుగు రాష్ట్రాల్లో మధ్యతరగతి ఇళ్లకు కంప్యూటర్ వచ్చింది, వీధి వీధికీ నెట్ సెంటర్ వెలిసింది ఇంచుమించు ఈ కాలంలోనే. 1996 నాటి రోడ్ రాష్, 1997 నాటి క్లా, 1999 నాటి ఏజ్ ఆఫ్ ఎంపైర్స్ 2, 2000 నాటి ప్రాజెక్ట్ ఐజీఐ, కంప్యూటర్ల మీదికి 2003లో వచ్చిన వైస్ సిటీ (జీటీఏ వరుసలోది). జనానికి బాగా గుర్తున్నవి, మళ్లీ ఆడాలనిపించేవి ఇవే. సాంకేతికంగా అన్నింటికంటే మొండివి కూడా ఈ తరానివే.

కారణం ఆ కాలపు గ్రాఫిక్స్ రంగంలో ఉంది. 1996లో 3డీఎఫ్ఎక్స్ సంస్థ వూడూ కార్డును తెచ్చింది, దానికి గ్లైడ్ అనే సొంత భాష ఉండేది. గేములు గ్రాఫిక్స్ కార్డుతో, శబ్దంతో మాట్లాడటానికి విండోస్‌లో ఉండే డైరెక్ట్ఎక్స్‌ను మైక్రోసాఫ్ట్ దాదాపు ఏటా మారుస్తూ పోయింది. ఏది నిలుస్తుందో ఎవరికీ తెలియని రోజులవి. 2000 డిసెంబర్‌లో 3డీఎఫ్ఎక్స్ తన ఆస్తులను ఎన్‌విడియాకు అమ్ముకుంది. గ్లైడ్ దిక్కులేనిదైంది. దాన్నే నమ్ముకుని రాసిన గేములకు నేటి కార్డులన్నీ పరాయివే.

డైరెక్ట్ఎక్స్ గేముల సంగతి మరో రకం. ఏజ్ ఆఫ్ ఎంపైర్స్ 2 లాంటివి 256 రంగుల పట్టికతో పనిచేసేవి. ఏ రంగుకు ఏ అంకె అనేది గేమ్ స్వయంగా నిర్ణయించుకుంటుంది. విండోస్ 7లో ఈ గేమ్ ఆడినవాళ్లు ఎర్రటి గడ్డి, వింత రంగు నీళ్లు చూశారు. వెనకాల నడుస్తున్న విండోస్ ఎక్స్‌ప్లోరర్ ఆ పట్టికలో వేలుపెట్టి తన రంగులు రాసేయడమే దానికి కారణం. ఎక్స్‌ప్లోరర్‌ను టాస్క్ మేనేజర్‌లో ఆపేసి గేమ్ మొదలుపెడితే రంగులు సర్దుకునేవి. మొరటు చిట్కానే, కానీ పనిచేసింది. 2013లో హెచ్‌డీ ఎడిషన్, 2019లో డెఫినిటివ్ ఎడిషన్ వచ్చాక ఈ ఒక్క గేమ్‌కు ఆ బాధ తప్పింది. అంత అదృష్టం అన్నింటికీ పట్టదు.

ఇక్కడ ఉపయోగపడేవి ర్యాపర్లు. డీజీవూడూ2, ఎన్‌గ్లైడ్ లాంటివి గేమ్‌కూ కొత్త కార్డుకూ మధ్య దుబాసీలుగా నిలబడతాయి. గేమ్ గ్లైడ్‌లో గానీ పాత డైరెక్ట్ఎక్స్‌లో గానీ అడిగినదాన్ని నేటి కార్డుకు అర్థమయ్యే పిలుపుగా మార్చి అందిస్తాయి. సాధారణంగా చేయాల్సిందల్లా రెండు మూడు డీఎల్ఎల్ ఫైళ్లను (ప్రోగ్రాములు అరువు తెచ్చుకునే కోడ్ ఉండే ఫైళ్లను) గేమ్ ఫోల్డర్‌లో పెట్టడమే. గేమ్ తనకు కావలసిన డీఎల్ఎల్ కోసం ముందు సొంత ఫోల్డర్‌లో వెతుకుతుంది, అక్కడ దొరికితే విండోస్‌దాన్ని ముట్టుకోదు. ర్యాపర్ బతుకంతా ఈ చిన్న అలవాటు మీదే ఆధారపడి ఉంది.

కార్డు తయారీదారులూ ఇప్పుడు ఇదే దారి పట్టారు. ఇంటెల్ 2022లో విడుదల చేసిన ఆర్క్ కార్డుల్లో డైరెక్ట్ఎక్స్ 9కు నేరుగా మద్దతు ఇవ్వలేదు, దాన్ని డైరెక్ట్ఎక్స్ 12కు తర్జుమా చేయించింది. మొదట్లో పాత గేములు ఆ కార్డుల మీద నెమ్మదిగా నడిచాయి, తర్వాతి డ్రైవర్లతో (కార్డును విండోస్‌తో కలిపే ప్రోగ్రాములతో) మెరుగయ్యాయి. పాత గేములు ఆడాలనే ఉద్దేశంతో కొత్త కార్డు కొనేవాళ్లు దాని గరిష్ఠ వేగం కంటే డ్రైవర్ల చరిత్రను చూడటం మంచిది.

శబ్దం కథ కూడా ఇలాంటిదే. సౌండ్ కార్డుల డ్రైవర్లు సిస్టమ్‌ను తరచూ కూల్చేస్తున్నాయని విస్టాలో మైక్రోసాఫ్ట్ శబ్దాన్ని హార్డ్‌వేర్‌తో నేరుగా నడిపే డైరెక్ట్‌సౌండ్ దారిని తొలగించింది. ఆ దారిలో పనిచేసే ఈఏఎక్స్ ప్రభావాలు, అంటే గుహలో ప్రతిధ్వని లాంటివి, ఒక్కసారిగా మాయమయ్యాయి. గేమ్ ఆడుతుంది, కాకపోతే చప్పగా వినిపిస్తుంది.

ఫ్రేముల వేగానికి ఆట నియమాలను ముడిపెట్టడం మరో సమస్య. వైస్ సిటీ, దాని తర్వాతిదైన శాన్ ఆండ్రియాస్‌లలో, సెకనుకు తెర మీద గీసే బొమ్మల (ఫ్రేముల) సంఖ్యకు హద్దు పెట్టే మెనూలోని ఫ్రేమ్ లిమిటర్‌ను తీసేసి నేటి కంప్యూటర్‌లో ఆడితే బండ్ల, మనుషుల కదలికల్లో తేడాలు వస్తాయి. దృశ్యం నున్నగా కనిపించాలని దాన్ని ఆఫ్ చేసి, తర్వాత మిషన్ దాటలేకపోతున్నామని వాపోయేవాళ్లకు మొదటి మందు దాన్ని మళ్లీ ఆన్ చేయడమే.

సీడీకి వేసిన తాళం

డబ్బు పెట్టి కొన్న అసలు సీడీ నడవక, పైరసీ కాపీ నడిచే విచిత్రం సేఫ్‌డిస్క్ వల్ల వచ్చింది. సీడీ అసలుదో కాదో తేల్చడానికి ఈ రక్షణ విధానం విండోస్ లోలోపల ఒక డ్రైవర్‌ను నడిపేది. ఆ డ్రైవర్‌లో 2007లో ఒక భద్రతా లోపం బయటపడింది. మామూలు ప్రోగ్రాం కూడా దాని ద్వారా సిస్టమ్ మొత్తాన్ని చేజిక్కించుకోవచ్చు. 2015లో విండోస్ 10 ఆ డ్రైవర్ లేకుండానే వచ్చింది. అదే ఏడాది సెప్టెంబర్‌లో వచ్చిన అప్‌డేట్ విస్టా, 7, 8లలో కూడా దాన్ని ఆపేసింది. భద్రత కోణంలో చూస్తే మైక్రోసాఫ్ట్ నిర్ణయాన్ని తప్పుపట్టడం కష్టం. నష్టపోయింది మాత్రం నిజాయితీగా కొన్నవాళ్లు. గేమ్ కంపెనీ తర్వాత ప్యాచ్ ఇచ్చి ఉంటే సరి, లేకపోతే తాళం లేకుండా ఆన్‌లైన్‌లో అమ్మే రూపాన్ని మళ్లీ కొనుక్కోవాలి.

పాత మెషీన్ కొనాలా?

"తగిన హార్డ్‌వేర్" అనగానే చాలామందికి పెంటియం డబ్బా గుర్తొస్తుంది. డాస్ గేములకు అది అనవసరం. డైరెక్ట్ఎక్స్ 9 తర్వాతి గేములకూ అనవసరం. మధ్య తరానికి మాత్రం వాదనలో కొంత బలం ఉంది. 86బాక్స్, పీసీఎం లాంటి ఎమ్యులేటర్లు పాత మదర్‌బోర్డును, చిప్‌సెట్‌ను, వూడూ కార్డును చిప్పుకు చిప్పుగా అనుకరిస్తాయి. విండోస్ 98 వాటిలో అసలు మెషీన్ అనుకునే నడుస్తుంది. కానీ అంత కచ్చితత్వానికి ఖరీదు ఎక్కువ. అసలు ప్రాసెసర్ చేసే ఒక్కో పనికి అనుకరించే ప్రాసెసర్ ఎన్నో పనులు చేయాలి. తొలి పెంటియం దాకా నేటి మంచి కంప్యూటర్ నెట్టుకొస్తుంది. వేగవంతమైన పెంటియం 2, పెంటియం 3 దగ్గరికి వచ్చేసరికి చాలా ఖరీదైన ప్రాసెసర్ కూడా తడబడుతుంది. పాతికేళ్ల నాటి మెషీన్‌ను పూర్తిగా అనుకరించడానికి నేటి మెషీన్ చాలకపోవడం వింతగా అనిపించినా, ర్యాపర్‌కు లొంగని 1998, 2000 మధ్య గేములు ఇందుకే ఇరుకున పడతాయి.

అలాంటి గేమ్‌కు పెంటియం 3, విండోస్ 98 సెకండ్ ఎడిషన్ జోడీ బాగా నప్పుతుంది. ర్యామ్ ఎక్కువ పెడితే మంచిదనుకోవడం పొరపాటు. 512 ఎంబీ దాటితే విండోస్ 98 "మెమరీ చాలదు" అని మొరాయిస్తుంది. 2001, 2007 మధ్య గేములకు విండోస్ ఎక్స్‌పీ ఉన్న కోర్ 2 డుయో చాలు. ఆఫీసులు వదిలించుకున్న ఇలాంటి డెస్క్‌టాప్‌లు వూడూ కార్డుల్లా అరుదైనవి కావు. ఇంకా వేగం కావాలంటే 3వ తరం కోర్ ప్రాసెసర్ల దాకా ఎక్స్‌పీ డ్రైవర్లు దొరుకుతాయి, ఎన్‌విడియాలో జీటీఎక్స్ 960 దాకా. అయితే ఎక్స్‌పీకి సపోర్ట్ 2014 ఏప్రిల్ 8న ఆగిపోయింది. ఆ మెషీన్‌ను ఇంటర్నెట్‌కు కలపకూడదు.

కొనేముందు చూడాల్సినవి దాని వేగం, గ్రాఫిక్స్ కార్డు కాదు. 2000 ప్రాంతంలో తయారైన చాలా మదర్‌బోర్డుల్లో కెపాసిటర్లు నాసిరకంవి, పైభాగం ఉబ్బి లోపలి ద్రవం కారుతుంది. 386, 486 బోర్డుల మీద అంటించిన చిన్న నికెల్ కాడ్మియం బ్యాటరీ కారి రాగి గీతలను తినేస్తుంది. బోర్డు పోయిందంటే ఎక్కువసార్లు కారణం అదే. కరెంటు అందించే పాత ఎస్‌ఎంపీఎస్‌ను పరీక్షించకుండా ప్లగ్ పెట్టడం అంటే మిగతా భాగాలను పందెం కాయడమే. పాత హార్డ్ డిస్క్ బదులు ఐడీఈ (పాత డిస్కుల కేబుల్) అడాప్టర్‌తో కాంపాక్ట్ ఫ్లాష్ అనే మెమరీ కార్డు పెట్టుకోవడం నిశ్శబ్దంగా, నమ్మకంగా ఉంటుంది.

లైనక్స్ వైపు నుంచి

విండోస్ గేములకు విండోస్ కంటే దాని బదులు వాడే ఉచిత సిస్టమ్ లైనక్స్ మెరుగ్గా పనికొచ్చే సందర్భాలు ఉన్నాయంటే నమ్మడం కష్టమే. 1993లో మొదలైన వైన్, విండోస్ పిలుపులను లైనక్స్ పిలుపులుగా మారుస్తుంది. స్టీమ్ అనే ఆన్‌లైన్ గేముల దుకాణం నడిపే వాల్వ్ 2018లో దాని ఆధారంగా ప్రోటాన్‌ను తెచ్చింది, 2022లో వచ్చిన దాని చేతి గేమింగ్ కంప్యూటర్ స్టీమ్ డెక్‌లో విండోస్ గేములు ప్రోటాన్ మీదే నడుస్తాయి. మైక్రోసాఫ్ట్ వదిలేసిన 16 బిట్ విండోస్ ప్రోగ్రాములను కూడా వైన్ 64 బిట్ లైనక్స్ మీద చాలాసార్లు నడపగలదు. విండోస్ 11 అర్హత లేక పక్కన పడిన కంప్యూటర్‌ను చెత్తకు వేసే బదులు లైనక్స్ వేసి పాత గేములకు వాడుకోవడం చవకైన ప్రయోగం. సీడీ తాళం ఉన్న గేములకు మాత్రం ఇదీ పెద్దగా సాయపడదు.

దొరకడం, హక్కులు

సాంకేతిక చిక్కులు తీరినా గేమ్ దొరకాలి కదా. అమెరికాలో 2010కి ముందు విడుదలైన పాత గేముల్లో 87 శాతం ఇప్పుడు మార్కెట్‌లో కొనడానికి దొరకవని వీడియో గేమ్ హిస్టరీ ఫౌండేషన్ 2023లో తేల్చింది. 2008లో మొదలైన జీఓజీ లాంటి దుకాణాలు తాళాలు తీసి, అవసరమైన చోట డాస్‌బాక్స్‌ను కలిపి అమ్ముతాయి. అక్కడ దొరికే గేమ్‌కు పైన చెప్పిన కష్టాల్లో చాలావరకు ఉండవు, డిస్కౌంట్ ఉన్నప్పుడు ధర కూడా తక్కువే. పాత సీడీతో కుస్తీ పట్టేముందు అక్కడ ఒకసారి వెతకడం తెలివైన పని. హక్కుదారు ఎప్పుడైనా వెనక్కి తీసుకోవచ్చు కూడా. 2021 అక్టోబర్‌లో మూడు జీటీఏ గేముల కొత్త రూపం రాబోతోందని వాటి అసలు రూపాలను స్టీమ్ వంటి దుకాణాల నుంచి తొలగించారు. కొత్త రూపంలో లోపాలు ఎక్కువగా ఉన్నాయని గొడవ అయ్యాక, వాటి ప్రచురణకర్త రాక్‌స్టార్ అసలు రూపాలను తన సొంత దుకాణంలో తిరిగి పెట్టింది.

"అబాండన్‌వేర్" (అమ్మకాలు ఆపి వదిలేసిన గేములు) పేరుతో ఉచితంగా దొరికేవాటికి భారత చట్టంలో ప్రత్యేక గుర్తింపు లేదు. 1957 కాపీరైట్ చట్టం ప్రకారం కంప్యూటర్ ప్రోగ్రాం సాహిత్య కృతితో సమానం. అమ్మకాలు ఆపేసినంత మాత్రాన హక్కు పోదు. చట్టబద్ధంగా కొన్న కాపీ పాడవకుండా బ్యాకప్ తీసుకునే వెసులుబాటు మాత్రం సెక్షన్ 52లో ఉంది. చేతిలో అసలు సీడీ ఉన్నవాళ్లు అది పాడయ్యేలోపు ఇమేజ్ (సీడీ మొత్తానికి ఒకే ఫైల్ రూపంలో నకలు) తీసి పెట్టుకోవడానికి ఈ వెసులుబాటు పనికొస్తుంది.

మరో తరం గేములకు ఇవేవీ చాలవు. ఆన్‌లైన్‌లో ఆటగాళ్లను కలిపే గేమ్‌స్పై అనే సేవ 2014లో మూతపడినప్పుడు ఎన్నో గేముల ఆన్‌లైన్ ఆట ఒకేసారి ఆగింది. అక్కడ కనీసం ఒంటరిగా ఆడే భాగం మిగిలింది. యూబీసాఫ్ట్ 2024 మార్చి 31న ద క్రూ అనే రేసింగ్ గేమ్ సర్వర్లను ఆపేసినప్పుడు, ఒంటరిగా ఆడే భాగం కూడా పోయింది. డిస్కు ఉంది, సరైన కంప్యూటర్ ఉంది, అయినా గేమ్ లేదు. ఆ తర్వాతి నెలలోనే "స్టాప్ కిల్లింగ్ గేమ్స్" ప్రచారం మొదలైంది. సర్వర్ ఆపేముందు గేమ్‌ను ఆడగలిగే స్థితిలో వదలాలన్నది వాళ్ల డిమాండ్. గేమ్‌స్పై మీద ఆధారపడిన కొన్ని గేములకు ఓపెన్‌స్పై పేరుతో అభిమానులు ప్రత్యామ్నాయ సర్వర్లు నడుపుతున్నారు. ఆట నియమాలన్నీ కంపెనీ సర్వర్‌లోనే ఉండే గేములకు అలా చేయాలంటే, సర్వర్ ఏం జవాబిచ్చేదో గమనించి ఆ కోడ్‌ను మొదటి నుంచి రాయాలి. అదీ సర్వర్ బతికుండగానే ఆ సంభాషణను ఎవరైనా రికార్డు చేసి ఉంచితేనే సులువవుతుంది.